చిన్న లెన్సులో పడ్డ బొమ్మ

విజయనగరంలో స్టూడియో ఉన్న నరసింగరావుకి విశాఖపట్నం షాపువాడు రెండు లెన్సులిచ్చాడు.

"వారం రోజులు వాడి చూడండి. నచ్చింది ఉంచుకుని రెండోది పంపెయ్యండి."

టెక్కలి దగ్గర ఓ ఊళ్ళో చింతచెట్ల నిండా ఏటా వలసొచ్చే గూడబాతులు పిల్లల్ని చేశాయని విని, నరసింగరావు కెమెరాతో ఆ ఊరి పొలంగట్టెక్కాడు.

ముందు చిన్న లెన్సు బిగించి నొక్కాడు. మొదలు నుంచి కొమ్మల దాకా చెట్టంతా పడింది. పిట్టలు మాత్రం చీమలంత.

"ఇదేం లెన్సు!" విసుక్కుని, గట్టు మీద కూచుని ఓ చుట్ట కాల్చి, పెద్దది బిగించాడు.

గూడు వచ్చి కళ్ళెదుట నిలబడింది. గూటి మీదికి వంగి, వీపున బుట్టతో ఓ ముసలివాడు. వాడి చేతిలో కొట్టుకుంటున్న పిల్ల!

టక్కున నొక్కేశాడు.

"ఆ ముసలాడెవడు?" ఊరిపెద్ద జోగయ్యని అడిగాడు.

"కూర్మయ్యని, ఎక్కడోడో బాబూ. రెండేళ్ళయి మా కళ్ళంలో పడుంటన్నాడు. ఏటి సేసినాడు?"

"బొమ్మలో చూపిస్తాను," అన్నాడు నరసింగరావు. నాలుగోనాడు ప్రింటు తీసుకొచ్చి చూపించాడు.

ఆ ఊరికి గూడబాతులంటే పురిటికొచ్చిన ఆడపిల్లలు. జోగయ్య కూర్మయ్య చెంప పగలగొట్టాడు.

"పిల్లల్ని ఎత్తుకుపోతన్నావట్రా, దొంగెదవా!"

కూర్మయ్య ఫొటోకేసి చూశాడు.

"నాను కిందున్నప్పుడు కూడా తీసినావు కదా బాబూ. ఆ బొమ్మేది?"

"అదా? అందులో అన్నీ చీమలే. ప్రింటు కూడా దండగ."

"అది కాదు బాబూ, ఆ పిల్ల..."

ఎవరో నోటిమీద కొట్టారు. ఇంకెవరో వాడి బుట్ట తొక్కేశారు. పొద్దు వాలకముందే ఊరు దాటించారు.

దొంగని పట్టిచ్చిన లెన్సు కదా, నరసింగరావు పెద్దదే ఉంచుకున్నాడు.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. లెన్సు ఎటు తిప్పినా చెట్ల కింద చచ్చిన పిల్లలే. కుక్కలు ఈడ్చుకుపోతున్నాయి.

"ఇదేంటి జోగయ్యా?"

"గాలికి గూళ్ళలోంచి పడిపోతన్నాయి బాబూ. ఈ రెండేళ్ళూ నేలమీద ఒక్క పిల్లని సూసి ఎరగం. ఇప్పుడేటొచ్చినాదో!"

"కూర్మయ్య ఏడీ?"

"ఆడా? పలాస టేసన్లో సచ్చిపోనాడంట. పీడా పోనాది."

నరసింగరావు లెన్సుకి మూత పెట్టేశాడు. ఒక్క బొమ్మ కూడా తియ్యకుండా రైలెక్కాడు.

ఇంటికొచ్చి ఆ పాత నెగిటివ్ వెతికాడు. చిన్న లెన్సుతో తీసిన మొదటిది. ఎంత పెద్దది చెయ్యగలడో అంత పెద్దది చేసి ప్రింటు తీశాడు.

చెట్టు మొదట్లో చీమంత మనిషి కూర్మయ్య అయ్యాడు; నేలమీద పడిన పిల్లని రెండు చేతులా ఎత్తి, బుట్టలో పెట్టుకుంటూ, పైన గూటికేసి చూస్తున్నాడు.