ఏడో నరం

గడ్డపార కుడిచెవి వెనక తగిలింది. మునిచంద్ర మామిడితోటలోనే బోర్లా పడ్డాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా కారి మెడ కిందికి జారింది.

"బోరు నాది. నీళ్ళు నావి. ఇంకోసారి స్టార్టరు మీద సెయ్యి ఏస్తే తల రెండు సెక్కలయితాది," అన్నాడు ఓబయ్య. గడ్డపార ఇంకా చేతిలోనే ఉంది.

ఓబయ్య పరాయివాడు కాదు. పెదనాయన కొడుకు. చంద్రగిరి పక్కన వాళ్ళ రెండు తోటలకీ గట్టు ఒకటే, బోరు ఒకటే.

ఆటో సుబ్బన్న మునిచంద్రను తిరుపతి ఆసుపత్రికి చేర్చాడు. స్పృహ వచ్చాక డాక్టర్ వకుళ మంచం పక్కన నిలబడి పరీక్ష మొదలుపెట్టింది.

"నవ్వు."

నవ్వాడు. ముఖంలో ఎడమవైపే నవ్వింది.

"కళ్ళు గట్టిగా మూసుకో."

ఎడమ రెప్ప పడింది. కుడి రెప్ప పడలేదు. నల్లగుడ్డు పైకి తిరిగి తెల్లగుడ్డు మాత్రం కనబడింది. ఈల వెయ్యమంటే గాలి పెదవి పక్కనుంచి తుస్సుమంది. నాలుకకు కుడిపక్కన చక్కెర అద్దితే తీపి తెలియలేదు.

"మెదడు నుంచి పన్నెండు జతల నరాలు నేరుగా బయటికి వస్తాయి," అందామె. "నీకు దెబ్బ తగిలింది ఏడోదానికి. చెవి వెనక ఎముకలో సన్నటి సందులోంచి వస్తుందది. ఎముక చిట్లి అది నలిగింది. నవ్వు, రెప్ప, రుచి, అన్నీ దాని పనే."

"మళ్ళీ వస్తాదా మేడం?"

"తెగలేదు. మెల్లగా మొలుచుకుంటూ వస్తుంది. నెలలు పడుతుంది. అందాకా ఆ కంట్లో చుక్కలు వేసుకో. ఎండిపోతే చూపు పోతుంది."

మునిచంద్ర ఊరికి తిరిగొచ్చేసరికే ఓబయ్య బెయిలు మీద వచ్చి టీ అంగట్లో కూర్చుని ఉన్నాడు.

మునిచంద్ర అక్కడ గ్లాసెత్తి తాగుతుంటే సగం టీ మూతి పక్కనుంచి చొక్కా మీదికి కారింది. ఓబయ్య తన మూతిని వేలితో పక్కకు లాగి అందరికీ చూపించాడు.

"సూడండప్పా మా తమ్ముణ్ణి! సగం మనిషి!"

అంగడంతా నవ్వింది. మునిచంద్ర గ్లాసు పెట్టి లేచాడు. ఓబయ్య వెనకనుంచి నడుం మీద తన్నాడు. బురదలో పడినవాడి కుడిచెంప మీద కాలు పెట్టి తొక్కాడు.

"ఈ పక్క నొప్పి తెలీదు కదరా నీకు?"

తెలిసింది. ముఖంలో నొప్పిని మోసేది ఐదో నరం. దానికి ఏమీ కాలేదు.

ఆ రోజు నుంచి మునిచంద్ర నలుగురిలో ఏదీ తినలేదు, తాగలేదు. మామిడి పిందె కట్టేసరికి ముఖం చాలావరకు కుదురుకుంది. రెప్ప పడుతోంది. మూతి వంకర తగ్గింది. అయినా ఇంట్లో కూడా గోడవైపు తిరిగి కూర్చునే తినేవాడు.

"బాగయింది కదా. ఇంకా ఎవురికి దాస్తావు?" అంది భార్య కోమలి.

అతను కంచం ఇంకాస్త గోడవైపు జరుపుకున్నాడు.

కాయలు కోతకొచ్చినప్పుడు ఓబయ్యను నరికేశారు. పట్టపగలు, బోరు దగ్గరే. మెడ మీద రెండు వేట్లు, అడ్డం పెట్టిన చేతి మీద ఒకటి. వేళ్ళు తెగి స్టార్టరు పెట్టె కింద పడి ఉన్నాయి. సంగటి తీసుకొచ్చిన తల్లి చంద్రకాంతమ్మే ముందుగా చూసింది. మోటారు ఆడుతూనే ఉంది. నీళ్ళు ఎర్రగా పాదుల్లోకి పారుతున్నాయి.

ఊరంతా ఒకే పేరు అనుకుంది. ఓబయ్య తమ్ముడు మునిప్రసాద్ మచ్చుకత్తి తీసుకుని వచ్చి మునిచంద్ర ఇంటి తలుపు నరికాడు. నలుగురు పట్టుకుని లాగారు. పోలీసులు మునిచంద్రను తీసుకెళ్ళి అరికాళ్ళు వాచేదాకా కొట్టారు. "నాకు తెలీదు సార్" తప్ప నోట్లోంచి ఇంకో మాట రాలేదు. కత్తి దొరకలేదు. చూసినవాళ్ళు లేరు. వదిలేశారు.

"అన్న కర్మంతరం కానీ," అన్నాడు మునిప్రసాద్ వీధి నడుమ నిలబడి. "మర్నాడే వాని పీక కోస్తా."

కర్మంతరానికి మునిచంద్ర తనంతట తనే వచ్చాడు. కుంటుతూ వచ్చి షామియానా కింద పంక్తిలో కూర్చున్నాడు. పక్కవాళ్ళు విస్తళ్ళు వదిలేసి లేచిపోయారు. మునిప్రసాద్ ఇంట్లోంచి దూసుకొచ్చి, జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచి, గొంతు మీద కత్తి ఆనించాడు. అంచు చర్మంలోకి దిగి నెత్తురు చుక్క కట్టింది.

"ఆగురా!" చంద్రకాంతమ్మ అడ్డం వచ్చింది. "వానికి కూడు నేను పెడతా."

విస్తట్లో అన్నం పెట్టి, పప్పు పోసి, అతనికి కుడిపక్కన చతికిలబడింది.

"నా బిడ్డ పేరున వండిన కూడురా ఇది. సంపినోనికి గొంతు దిగదు. తిను సంద్రా. నేను సూస్తా ఉంటా."

కత్తి గొంతు మీదే ఉంది. మునిచంద్ర ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

ఆమె వైపున్న అతని కంట్లో నీళ్ళు నిండాయి. చెంప మీదుగా జారి విస్తట్లో పడ్డాయి. అతను తుడుచుకోలేదు. ఇంకో ముద్ద తిన్నాడు. ఇంకా కారాయి. మాట లేదు, వెక్కు లేదు. ఉత్త కన్నీళ్ళు, ఆగకుండా.

"అంత కొట్టినోని కోసం ఏడస్తా ఉండావా నాయనా!" చంద్రకాంతమ్మ కొంగుతో అతని ముఖం తుడిచింది. కొడుకు వైపు తిరిగింది. "కత్తి పారెయ్ రా! సంపినోనికి ఇన్ని నీళ్ళు యాడ నుంచి వస్తాయి? ఈ బిడ్డ ఉసురు పోసుకుంటా ఉండాం మనం."

మునిప్రసాద్ చేతిలోంచి కత్తి జారింది. వాడు కూలబడి, వాచిన ఆ పాదాలు పట్టుకుని భోరున ఏడ్చాడు. లేచిపోయినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ పంక్తిలోకి వచ్చి కూర్చున్నారు.

నలిగిన నరం తప్పుదారిలో మొలిచిందని, నోట్లో నీరూరించాల్సిన పోగు కంటికి అతుక్కుందని, అందుకే ఏం నమిలినా ఆ కన్ను కారుతోందని, ఒక్క సూదిమందుతో ఆపేస్తానని డాక్టర్ వకుళ చెప్పినప్పుడు, "ఇప్పుడే వద్దు మేడం, మా అన్న కర్మంతరం బోజనం ఉండాది, అది తిని వస్తా" అని మునిచంద్ర జవాబిచ్చిన నాటికి ఓబయ్య ఇంకా బతికే ఉన్నాడు.