మూడో పిలుపు

కెప్టెన్ అవద్ వాళ్ల తాత అరబ్బు దేశం నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరాడు. మనవడు అవద్ బర్మా యుద్ధంలో శత్రువుల కందకంలోకి ఒక్కడే దూకి పతకం తెచ్చుకున్నాడు. భయాన్ని ఎదుటివాళ్ల ముఖాల మీద చూడటమే తప్ప అతను ఎరగడు. ఇప్పుడు పాకిస్తాన్‌తో యుద్ధం. నస్పూర్ దగ్గర బొగ్గుబాయి మందుగుండు గోదాముకు అతనే కాపలా పెద్ద. విమానాల దాడి భయంతో ఊరంతా దీపాలార్పేశారు.

అతని హుకుం ఒకటే. చీకట్లో అలికిడైతే 'కౌన్ హై?' అని మూడుసార్లు పిలవాలి. పలకకపోతే కాల్చాలి.

పోయిన నెల అలాగే కాల్చాడు. పడిపోయింది మల్లక్క. అక్కడే కాపలా కాసే మొగుడు ఇస్తారికి అన్నం తెస్తోంది.

"మూడుసార్లు పిలిచిన. నోరు లేదా దానికి?" అన్నాడు కెప్టెన్, శవం ముందే.

"చీకట్ల ఎవలన్న పిలిస్తే పలుకద్దు సార్. పలికితే దయ్యం పానం పట్కపోతది. మా అవ్వనే చెప్పింది దానికి," అన్నాడు ఇస్తారి.

పెళ్లాం దినకర్మ కాగానే ఇస్తారి మళ్లీ డ్యూటీకొచ్చాడు.

ఈ రాత్రి ఇద్దరూ గోదాము గోడకు ఆనుకుని కూర్చున్నారు. కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"కౌన్ హై?"

చీకట్లోంచి వచ్చిన ఆ గొంతు కెప్టెన్‌దే. అదే కరుకు, అదే విసురు. ఇస్తారి పక్కన కూర్చున్న కెప్టెన్ మాత్రం నోరు తెరవలేదు.

"కౌన్ హై?"

తుపాకీ ఘోడా లాగిన చప్పుడు. అవద్ తన తుపాకీ తడుముకున్నాడు. అది ఒళ్లోనే చల్లగా ఉంది. ఇంకొక్క పిలుపే మిగిలింది.

పలకబోయాడు. ఇస్తారి అరచెయ్యి మెల్లగా వచ్చి అతని నోటిని మూసింది.

"పలుకకుండ్రి సార్," అన్నాడు చెవిలో, ఎంతో ప్రేమగా. "పానం పోతది."