జూరోకు పెళ్లాం ఉందా?

"పిల్లనిచ్చుడు తర్వాత సంగతి. ముందుగాల ఈ సినిమా నా పక్కన కూసొని మళ్ల సూడు" అంది భూలి.

శ్రీనాథ్ బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. టీవీలో 'శని వలయం-2' అని పేరు పడుతోంది.

మూడేళ్ల కిందట యూట్యూబ్‌లో ఆ సినిమాను చీల్చి చెండాడింది అతనే. ఊరు కోదాడ. మిర్యాలగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, సాయంత్రాలు సినిమాల పని పడతాడు. అదే కాలేజీలో బోటనీ చెప్పే దివ్యను ప్రేమించాడు. దివ్య అమ్మానాన్నలు ఒప్పుకున్నారు కానీ, మోతె పక్క తండాలో ఉండే నానమ్మ భూలి సరేనంటేనే అని మెలిక పెట్టారు. ఆ నానమ్మ మనవరాలి ఫోన్‌లో అతని వీడియో చూసిందట. "ఈడా? ఈడొద్దు" అందట. ఎందుకంటే దివ్య చెప్పదు, నవ్వుతుంది. అందుకే ఆదివారం పూట, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బత్తాయిలు పట్టుకుని, దివ్యను వెంటబెట్టుకుని తండాకు వచ్చాడు.

నిజానికి ఆ సినిమాను తిట్టనివాళ్లు తక్కువ. మొదటి భాగంలో జూరో అనే గ్రహాంతరవాసి గడగడా తెలుగు మాట్లాడాడు, ఈలలు వేయించుకున్నాడు. రెండో భాగంలో సొంత గ్రహానికి తిరిగి వెళ్లి సొంత భాషే మాట్లాడాడు. గొంతేమో యంత్రంలో వేసి తీసినట్టు గరగర. కింద తెలుగు అక్షరాలైనా వేయలేదు. కోదాడలో వారం ఆడలేదు. సూర్యాపేటలో ఒక్క హాల్లో మాత్రం నెల రోజులు ఆడింది, జనం ఆటోలు మాట్లాడుకుని మరీ వచ్చి చూశారు. "అక్కడ ఏసీ బాగుంటుందేమో" అన్నాడు శ్రీనాథ్ తన వీడియోలో. శని గ్రహమని చూపించింది మేళ్లచెరువు సున్నపురాయి గనులేనని కూడా కనిపెట్టాడు. అంతటితో ఊరుకున్నాడా? "జూరో పాత్రకు ఎదుగూ బొదుగూ లేదు. రెండున్నర గంటల వాగుడు. అందులో ఒక్క ముక్కకు అర్థముందంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

సినిమా మొదలవగానే మూలన కూర్చున్న దివ్య తాత తులసీరాం లేచాడు. మొన్నమొన్నటిదాకా ఆ మేళ్లచెరువు గనుల దగ్గరే వాచ్‌మన్‌గా చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడాయన. "మళ్ల గదేనా?" అని గొణిగి, కండువా దులుపుకుని, బయటికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. ఈ ఇంట్లో తనలాంటివాడు ఒకడున్నాడని శ్రీనాథ్‌కు కాస్త ధైర్యం వచ్చింది.

"ఎన్నిసార్లు చూశారు నానమ్మగారూ?"

"లెక్కవెట్టలే. గార్లు గీర్లు ఇడిసిపెట్టి సినిమా సూడు."

జూరో తన గ్రహం మీద దిగాడు. చెయ్యెత్తి ఏదో గద్దించాడు.

"గీడ ఇంక పొగరు దిగలే ఈనికి" అంది భూలి. "ఇంట్ల కాలు పెట్టంగనే నీళ్లేవి, బువ్వేది అంటడు. పెండ్లాం తిన్నదా, లేదా అని అడగడు."

"సినిమాలో జూరోకు పెళ్లాం లేదండీ."

"ఎందుకు లేదు? ఉన్నది. జొన్నరొట్టెలు చేసి పెట్టి ఎదురుసూసింది. పిల్లకు జొరమొచ్చిననాడు గూడ ఒక్కతే మోసుకొని దవాఖానకు పోయింది."

శని గ్రహం మీద జొన్నరొట్టెలు. శ్రీనాథ్ నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. దివ్య మోచేత్తో పొడిచింది. పెద్దావిడకు ఊహలెక్కువ, పోనీలే అనుకున్నాడు. పెళ్లి కావాలంటే తలాడించక తప్పదు. బుద్ధిగా ఆడించాడు.

"తలకాయ ఊపుడు కాదు. ఇను" అంది భూలి.

విన్నాడు. వేరే దారి లేదు కనుక నిజంగానే విన్నాడు. అరగంటకు సర్దుకుని కూర్చున్నాడు. గంటకు ఫోన్ బోర్లా పెట్టేశాడు. మొదట్లో జూరో మాట కర్ర పట్టుకుని అదిలించినట్టుంది. యుద్ధం ఓడిపోయాక మాటకూ మాటకూ మధ్య ఖాళీలు వచ్చాయి. గుహలో ఒక్కడే కూర్చునే సీను వచ్చింది. అప్పట్లో "ఇక్కడ బయటికెళ్లి టీ తాగి రావచ్చు" అని శ్రీనాథ్ సలహా ఇచ్చిన సీనే. జూరో ఒకే మాటను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మింగేశాడు. నాలుగోసారి అనేశాడు. ఆ గరగరలోనూ గొంతు వణికింది.

భూలి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

శ్రీనాథ్‌కు సిగ్గేసింది. ఆ రోజు హాల్లో ఈ సీను వస్తున్నంతసేపూ వీడియో కోసం వెటకారాలు రాసుకుంటూ కూర్చున్నాడు మరి.

సినిమా అయిపోయింది.

"ఇప్పుడు చెప్పు" అంది భూలి.

పెళ్లి సంగతి మరిచిపోయి చెప్పాడు. "తప్పు నాదే నానమ్మా. ఒక్క మాటా అర్థం కాలేదు, కానీ జూరో మారాడు. మొదట హుకుం చేసినవాడు చివరికి బతిమాలాడు. ఆ గుహలో ఎవరినో క్షమించమని అడిగాడు. అడగడం అలవాటు లేనివాడు అడిగినట్టు అడిగాడు. దాన్ని వాగుడన్నానంటే నాకే బుద్ధి లేదు."

భూలి టీవీ కట్టేసింది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "ఫరవాలే, ఇంటడు ఈడు. మీ నాయనకు ఫోన్ చేసి ముహూర్తం సూడుమను."

శ్రీనాథ్ గబుక్కున లేచాడు. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. భూలి లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది. కొత్త అల్లుడి కంటే ముందు, మొదటి గ్లాసు బయట ఉన్న తులసీరాంకు తీసుకెళ్లి ఇచ్చింది. ముసలాయన తలెత్తకుండా అందుకున్నాడు.

"ఒక్కటి చెప్పు దివ్యా" అన్నాడు శ్రీనాథ్ గుసగుసగా. "ఆ సినిమాను తిడితే మీ నానమ్మకు అంత కోపమెందుకు? తాతకేమో అదంటేనే పడదాయె."

"తాతకు పడక కాదు, సిగ్గు" అంది దివ్య. "జూరో మాట్లాడేది మా లంబాడి మాటనే, షూటింగోళ్లు మైకు ముందల కూసోపెట్టి నోటికొచ్చింది మాట్లాడుమంటే, నలభై ఏండ్ల సంది నానమ్మతోని అనలేనియన్నీ జూరో గొంతుల అనేసింది మా తాతనే."