కలిసుండుమన్న మాట

ప్రత్యేక రాష్ట్రం కోసం మానుకోటలో వేసిన దీక్షా శిబిరంలోకి నౌషీన్ వాచిన చెంపతో వచ్చింది.

“వెంకటన్నా, నీ దోస్తు ఫహీమ్, నా మొగుడు, మళ్ల కొట్టిండు. నాతోని ఠాణాకు రా.”

ప్రసంగిస్తున్న వెంకట్ మైకును చేత్తో మూశాడు. “జర ఓర్సుకో చెల్లె. ఎట్లనన్న కలిసే ఉండాలె.”

నౌషీన్‌కు ఒళ్లు మండింది. “కలిసుండుమనేటోళ్లనే గదా ఇప్పటిదాంక మైకుల తిట్టినవ్? విడిపోవుడు నీకు హక్కు, నాకు తప్పా?”

“గది రాష్ట్రం. గిది సంసారం.”

దీక్షలో కూర్చున్న ఒక లంబాడీ స్త్రీ లేచి, తన మెడలోని దీక్ష పూలదండ తీసి వెంకట్ మెడలో వేసింది. “నా జాగల నువ్వు ఉపాసం కూసో. గీ పిల్లెంట నేను పోత.”

నాయకుడిని వెతుక్కుంటూ వచ్చిన నౌషీన్ ఆమెను అంతవరకూ చూడనేలేదు.

“నేనెవరో నీకు తెల్వదు గదా అక్కా!”

“ముందు నడువు. పేరు తోవల చెప్పు.”