పెద్దల్లుడి వాచీ

"వాచీ ఇవ్వను. అది నా పెళ్ళికి పెట్టింది," అన్నాడు పెద్దల్లుడు, మణికట్టును అరచేత్తో కప్పుకుంటూ.

"ఇస్తావు. విమానం నాది, పందెం నాది, షరతులూ నావే," అన్నారు మామగారు.

ఆయన తన పాత పైలట్ టోపీ తిరగేసి ముందుకు చాచారు. అల్లుళ్ళిద్దరి ఫోన్లూ అందులో పడ్డాయి. డాక్టరు ఇక ఎగరొద్దన్నాక ఆయన రెండు సీట్ల బుల్లి విమానం షెడ్డులోనే ఉంటోంది. దాని తాళం ఈ రోజు ఇద్దరిలో ఒకరికి దక్కుతుంది.

"నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి, దాని మీద మలుపు తిరిగి రండి. ఎనభై నిమిషాల ప్రయాణం. ఎంత పెట్రోలు కాలుతుందో ముందే చీటీ మీద రాసివ్వాలి. తిరిగొచ్చాక విమానంలో మళ్ళీ పెట్రోలు నింపితే పంపు మీటరే తీర్పు చెబుతుంది. కాగితం మీద కూడికలూ గుణకారాలూ ఒప్పుకోను, ఇద్దరూ ఆ ఒక్క వాచీతోనే లెక్క తేల్చాలి. ఆ వాచీ రింగు తిప్పడం రానివాడికి నా విమానం దేనికి?"

వాచీ అంచు చుట్టూ తిరిగే రింగు మీద ఒక వరస అంకెలు, లోపల కదలకుండా ఇంకో వరస. గంటకు కాలే పెట్రోలును లోపలి అరవైకి ఎదురుగా తెచ్చి పెడితే చాలు. ఆపైన ఎన్ని నిమిషాలకైనా లెక్క ఎదురుగానే కనిపిస్తుంది.

పెద్దల్లుడు మొహం మాడ్చుకుని వాచీ విప్పాడు. "జాగ్రత్త తమ్ముడూ. ఇది మేకుకి తగిలించే రకం కాదు."

చిన్నల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. అతని పెళ్ళికి మామగారు పెట్టింది గోడ గడియారం. అది సరిగ్గా నడిచిన రోజు లేదు. ఇంట్లో నలుగురూ చేరితే చాలు, పెద్దల్లుడు చొక్కా చెయ్యి పైకి లాగి, రింగు కరకరా తిప్పుతూ, "టైమెంతయింది తమ్ముడూ? అయ్యో, నీది గోడకుందిగా!" అంటాడు. అందరూ నవ్వుతారు. సొంత భార్య కూడా నవ్వుతుంది.

'ఈ రోజు వదిలేది లేదు. నీ వాచీతోనే నీ పరువు తీస్తాను' అనుకున్నాడు చిన్నల్లుడు.

మొదటి వంతు అతనిది. షెడ్డు మూల పనిబల్ల దగ్గరకు వెళ్ళాడు. విమానం గంటకు ఇరవై ఏడు లీటర్లు తాగుతుంది. ఇరవై ఏడును అరవైకి ఎదురుగా తెచ్చాడు. ఎనభైకి ఎదురుగా ముప్ఫై ఆరు. చీటీ మీద రాసి, ఎందుకైనా మంచిదని మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాడు. తర్వాత జేబులోంచి గమ్ము ట్యూబు తీశాడు. విమానం తలుపు రబ్బరు అంటించడానికి తెచ్చిన గమ్ము అది, క్షణంలో బిగుసుకుంటుంది. రింగు సందులో అక్కడక్కడా చుక్కలు వేసి, ఊది, తిప్పి చూశాడు. రింగు ఇసుమంతైనా కదల్లేదు.

నోటి లెక్కల్లో పెద్దల్లుడు సున్నా అని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇక ఏం రాస్తాడో రాయనీ.

"ఇదుగో అన్నయ్యా, గీత కూడా పడకుండా వాడాను," అని వాచీ చేతిలో పెట్టి, విమానం ఎక్కాడు.

పైకి లేచాక నవ్వు ఆగలేదు. గోళ్ళు విరిగేలా రింగు పీకుతున్న తోడల్లుడు కళ్ళ ముందు మెదిలాడు. చెమటలు పట్టిన ఆ మొహం, ఖాళీ చీటీ తలచుకున్నకొద్దీ కడుపు నిండింది. పగలబడి నవ్వుతూ కిందికి చూసేసరికి నీళ్ళ ట్యాంకు ఎప్పుడో వెనకబడిపోయింది. తిట్టుకుంటూ వెనక్కి తిప్పాడు.

దిగాక పంపు మీటరు నలభై చూపించింది.

'నాలుగే కదా తేడా. వాడికి ఏ ఇరవయ్యో ఉంటుంది' అని గుండె దిటవు చేసుకున్నాడు.

పెద్దల్లుడు అప్పటికే తన చీటీ మడిచి టోపీలో వేసేశాడు. వాచీ మణికట్టుకు ఎక్కింది. నోట ఒక్క ఫిర్యాదు లేదు.

"వాచీ బాగా పనిచేసిందా అన్నయ్యా?"

"భేషుగ్గా!"

కింద పడ్డా నాదే పైచేయి అనే రకం, అనుకుని చిన్నల్లుడు నవ్వు దాచుకున్నాడు.

పెద్దల్లుడు వెళ్ళాడు, వచ్చాడు. పంపు మీటరు గిర్రున తిరిగి, నెమ్మదించి, ముప్ఫై ఆరు దగ్గర ఆగింది. మామగారు చీటీ విప్పి పైకి చదివారు.

"ముప్ఫై ఆరు."

"మోసం!" చిన్నల్లుడు గొంతు చించుకున్నాడు. "ఎలా రాస్తాడు మావయ్యగారూ? అసలు ఆ రింగు కదిలితేగా!"

అన్నాక గాని తనేమన్నాడో అతనికి తెలియలేదు.

"కదలదని నీకెవరు చెప్పారు అల్లుడూ?" అన్నారు మామగారు, అతని వేళ్ళ మీద పెచ్చు కట్టిన గమ్మును చూస్తూ. ఆయన తాళం పెద్దల్లుడి చేతిలో పెట్టి, షెడ్డు వైపు నడిచారు.

పెద్దల్లుడు తోడల్లుడి భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఇటూ అటూ చూసి, చెవిలో అన్నాడు:

"కదిలి ఉంటే చచ్చేవాణ్ణి తమ్ముడూ! నువ్వు ఆపిన చోటే ఎనభైకి ఎదురుగా ఉన్న అంకె చూసి రాసేశాను. నలుగురిలో ఊరికే తిప్పడమే గాని, దాన్ని ఎక్కడ ఆపాలో నాకు ఈనాటికీ తెలీదు."