సింహం పరుగు

"గుద్దడం పొరపాటు. పారిపోవడం నిర్ణయం. శిక్ష రెండోదానికే ఎక్కువండీ" అంది లాయరు.

ఎదురుగా కూర్చున్న బిల్డర్‌కు ఆ మాట రుచించలేదు. స్నేహితులు ఆయన్ని సింహం అంటారు. ఆ పేరు ఆయనే పెట్టించుకున్నాడని గిట్టనివాళ్లంటారు.

"జైలంటారా?"

"కాలు నలిగిన ఆడమనిషిని అక్కడే వదిలేశారు. అంబులెన్స్‌ని పిలవలేదు. పోలీసులకు చెప్పలేదు. జైలు తప్పదు. లైసెన్సూ పోతుంది."

జరిగింది అదే. తెల్లవారుజామున విందు నుంచి వస్తుంటే వంతెన మలుపులో కారు అదుపు తప్పింది. ఆవిడ "ఏమండీ! ఏమండీ!" అని అరుస్తూనే ఉంది. సింహం వెనక్కి చూస్తేనా! పోలీసులొస్తే ఊదమంటారు. తాగింది ఇంకా దిగలేదు. జారిన చెప్పు కూడా తీసుకోకుండా పిక్కబలం చూపించాడు. దారినపోయే పాలవ్యాను డ్రైవరెవరో ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చాడు.

"అసలు నడిపింది నేనే కాదంటే?" అన్నాడు సింహం గొంతు తగ్గించి. "మా డ్రైవరు నేరం నెత్తినేసుకుంటానన్నాడు."

"ఆవిడ చూసిందిగా?"

"కళ్లు తిరిగాయి, ఏం గుర్తులేదంటుంది. నోట్లో నాలుకలేని మనిషి. నేను చూసుకుంటాగా!"

"ఆస్పత్రికి వెళ్లారా?"

"పళ్లు పంపించాను."

లాయరు ఫైలు మూసి ఆయన వైపు తోసింది. "ఈ అబద్ధం నా నోట పలకదు. ఇంకొకర్ని చూసుకోండి."

చూసుకున్నాడు. అలాంటివాళ్లకు లాయర్లు కరువా!

విచారణ రోజు మడత నలగని తెల్లచొక్కాతో బోనెక్కాడు. వెనక బెంచీ మీద డ్రైవరు నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ చంకకర్రల మీద వచ్చింది. జాగ్రత్తగా చెప్పమన్నట్టు సింహం కళ్లెగరేశాడు.

"ఆ రోజు కారు నడిపిందెవరమ్మా?" అడిగాడు ప్రభుత్వ లాయరు.

"ఈయనే."

సింహం మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. వెనక డ్రైవరు మాత్రం హమ్మయ్య అనుకున్నాడు.

"ముద్దాయి మీకు ముందే తెలుసా?" అలవాటు ప్రశ్న వేశాడు ప్రభుత్వ లాయరు.

ఆవిడ సింహాన్ని ఎగాదిగా చూసింది.

"ఈయన కారు దిగి పరిగెత్తేదాకా, పక్క సీట్లో కూర్చుని, నా మొగుడనే అనుకున్నానండీ."