రెండో పరుగు

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వంటింటి గోడ మాట్లాడింది. ఇప్పుడు కాలనీ క్రికెట్ జట్టులో ఆడేవాళ్లకైనా అంతే. సీజన్ అయిపోగానే, గ్రౌండులో మనల్ని గమనించిన యంత్రం ఇంటి గోడలోంచి తీర్పు చెబుతుంది.

"హైమవతి గారూ, మీ బ్యాటింగ్ బాగుంది. కానీ రెండో పరుగుకు వీలున్న ప్రతిసారీ మీరు వద్దని చెయ్యెత్తారు. కారణం బద్ధకం. వచ్చే ఏడు జట్టులో మీకు చోటు లేదు. అభ్యంతరం ఉంటే చెప్పండి."

బద్ధకమట! నాకు ఒళ్లు మండిపోయింది.

ఎదురుగా మా తోడికోడలు వకుళక్క కూర్చుని ఉంది. నాతో ఓపెనింగ్‌కు దిగేది ఆవిడే. డాక్టరు ఆట మానెయ్యమన్నాడని నాకొక్కదానికే చెప్పింది. పిచ్ మధ్యలో ఇద్దరం ఎదురుపడ్డప్పుడు ఆవిడ ఎగశ్వాస నాకొక్కదానికే వినబడేది. ఆ సంగతి గోడ చెవిన పడితే ఆవిడ పేరు ఈ పూటే కొట్టేస్తారు. బావగారు పోయాక అక్క మొహంలో నవ్వు చూసింది ఆ గ్రౌండులోనే.

అక్క నోరు తెరవబోయింది. నేను చెయ్యెత్తాను, గ్రౌండులో ఎత్తినట్టే. ఆవిడ ఆగిపోయింది.

"అభ్యంతరం లేదు," అన్నాను గోడతో.

అక్క లేచి, గోడకు వినబడకుండా కుళాయి తిప్పింది. ఆ నీళ్ల చప్పుడులో నా చెవి దగ్గరకొచ్చి అడిగింది:

"మరి వచ్చే ఏడు నన్ను ఆపేదెవరే?"